వదిన సాక్ష్యానికి స్క్రీన్‌ప్లే

నతానియేలుకి స్క్రీన్‌ప్లే రాయడం వచ్చు. ఈ సంగతి నతానియేలుకి తెలుసు, ఆదివారం సాయంత్రాలు అతని దగ్గర నేర్చుకునే నలుగురికి తెలుసు. మిగతా ప్రపంచానికి ఇంకా తెలియలేదు. తెలియజెప్పడానికి పదహారేళ్ళుగా తన ప్రయత్నం తను చేస్తూనే ఉన్నాడు పాపం, ప్రపంచమే అందుకోలేక వెనకబడింది.

ఇరవై ఎనిమిదో ఏట హైదరాబాదు వెళ్ళి, ఆరేళ్ళపాటు సినిమా ఆఫీసుల మెట్లు ఎక్కి దిగాడు. ఆ ఆరేళ్ళలో తెలుగు సినిమాకి అతను చేసిన సేవ ఒకే ఒక్క డైలాగు. చావు సీనులో ఒక కానిస్టేబులు జనంతో "కాస్త పక్కకి జరగండి" అంటాడు. ఎడిటింగులో ఆ కానిస్టేబుల్నే పక్కకి జరిపేశారు. ముప్పై నాలుగో ఏట బెజవాడ తిరిగొచ్చి, ఆటోనగర్‌లో లారీలకి బాడీలు కట్టే షెడ్డులో ఎస్టిమేట్లు రాసే ఉద్యోగంలో చేరాడు. అక్కడ అతను రాసిన ప్రతిదీ కట్టుబడి అయింది, రోడ్డెక్కింది, కొన్ని అస్సాం దాకా వెళ్ళొచ్చాయి. అయినా తృప్తి లేదు మనిషికి.

అందుకని బెంజ్ సర్కిల్ దగ్గర ఒక సెల్‌ఫోన్ల కొట్టు మీద గది అద్దెకి తీసుకుని పాఠాలు మొదలుపెట్టాడు. ఫ్లైఓవరు కింద హారన్ల గోల మీద గొంతు పెంచి చెప్పేవాడు. హీరోని ముంచండి, ఎంత లోతున ముంచితే చివర్లో జనం అంత ఎత్తుకి లేస్తారు. కారణం లేకుండా ఎవరికీ జలుబు కూడా చేయకూడదు, జనం ఎందుకని అడుగుతారు. అన్నిటికంటే ముఖ్యం, నోటితో చెప్పకండి. రెండు సీన్లు పక్కపక్కన పెట్టి ఊరుకోండి. మధ్యలో లేనిదాన్ని ప్రేక్షకుడే నింపుకుంటాడు, మీ చేతికి మట్టి అంటదు. ఈ ఆఖరి మాట చెప్పేటప్పుడు అతను చేతులు రెండూ ఎత్తి శుభ్రంగా ఉన్నాయని చూపించేవాడు. నలుగురూ రాసుకునేవారు.

అతని అన్న అబ్రహాము కొండపల్లిలో ఉంటాడు. నతానియేలుకంటే పదమూడేళ్ళు పెద్ద. నతానియేలుకి ఏడేళ్ళప్పుడు తండ్రి పోతే, థర్మల్ స్టేషన్‌లో బొగ్గు దించే సెక్షన్లో కొత్తగా చేరిన ఆ అన్నే తమ్ముణ్ణి పెంచాడు. నాలుగేళ్ళ తర్వాత వదిన సంపూర్ణమ్మ కాపురానికొచ్చింది. వస్తూనే పదకొండేళ్ళ మరిది తలంటు బాధ్యత ఆమె మీద పడింది. అబ్రహాము నోట్లో నాలుక లేని మనిషి. డ్యూటీకి వెళ్ళడం, వచ్చి ఒళ్ళు తోముకుని మజ్జిగ తాగడం, రెండు కీర్తనలు చదువుకుని పడుకోవడం. స్క్రీన్‌ప్లే లెక్కన చూస్తే ఆ జీవితంలో ఒక్క సీనన్నా లేదని నతానియేలు భార్య హెలెన్‌తో అనేవాడు. హెలెన్ స్కూల్లో లెక్కల టీచరు. "అలాంటివాళ్ళ వల్లే అండీ మనలాంటివాళ్ళం అన్నం తినేది" అనేది ఆవిడ.

అబ్రహాముకి ఉన్న గర్వం ఒక్కటే. నెలనెలా మొదటి ఆదివారం వాళ్ళ చర్చి సంఘంలో ప్రభు బల్ల, అంటే ద్రాక్షరసం పంచుకునే ఆరాధన, ఉంటుంది. ఆ బల్లకి ద్రాక్షరసం పద్దెనిమిదేళ్ళుగా ఆయనే తయారు చేస్తున్నాడు. శనివారం మధ్యాహ్నం నల్లద్రాక్ష కడిగి, ఉడకబెట్టి, తెల్లగుడ్డలో వడగట్టి పెడతాడు. మర్నాడు చిన్న చిన్న గ్లాసుల్లో పోసి, పళ్ళెం రెండు చేతులా పట్టుకుని వరసల మధ్య నడుస్తాడు. ఆ రోజు చొక్కా ఇస్త్రీ సరిగ్గా లేకపోతే వదిన మీద విసుక్కుంటాడు కూడా. ఏడాదిలో ఆయన విసుక్కునేది ఆ పన్నెండు రోజులే.

నిరుడు వానాకాలంలో అబ్రహాముకి కామెర్లొచ్చాయి. లివరు దెబ్బతింది. నలభై రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు, ఒక దశలో డాక్టర్లు పెదవి విరిచారు. సంపూర్ణమ్మ ఆసుపత్రి వరండాలో మోకాళ్ళూని, ఈయన లేచి తిరిగితే జనవరిలో జరిగే ప్రార్థన కూటాల్లో సాక్ష్యం చెప్పుకుంటానని దేవుడికి మాటిచ్చింది. దేవుడు చేసిన మేలుని పదిమంది ముందు నిలబడి చెప్పడమే సాక్ష్యం. అబ్రహాము లేచి తిరిగాడు. ఇప్పుడు ఆవిడ సాక్ష్యం చెప్పాలి. నలుగురున్న చోట తన పేరు చెప్పడానికే తడబడే మనిషి, మూడువేల మంది ముందు మైకు పట్టుకోవాలి. అందుకని మరిదిని పిలిపించింది.

"సినిమాలకి రాసినవాడివి కదరా నతానీ. నాకు నాలుగు ముక్కలు రాసిపెట్టు, బట్టీపట్టి చెప్పేస్తాను" అంది.

పదేళ్ళుగా నతానియేలుని ఎస్టిమేటు తప్ప ఇంకోటి రాసిపెట్టమని అడిగిన నాథుడు లేడు. ఒళ్ళు పులకరించింది. కొత్త నోట్‌బుక్కు కొనుక్కుని మరీ కొండపల్లి వెళ్ళాడు. వదిన చెప్పింది రెండు నిమిషాల్లో అయిపోయింది. కామెర్లొచ్చాయి, ప్రార్థన చేశాం, తగ్గింది. నతానియేలుకి నీరసం వచ్చింది. ఇందులో కథేది? కామెర్లు ఎందుకొచ్చాయని అడిగాడు. ఏదో పెళ్ళిలో తాగిన నీళ్ళ వల్లట అంది వదిన. నీళ్ళు! నీళ్ళ వల్ల హీరో మంచం పట్టాడంటే ఏ నిర్మాత వింటాడు? అంతకుముందు ఏవైనా కష్టాలు పడ్డావా అని మళ్ళీ కదిపాడు.

ఆవిడ కాసేపు ఆలోచించి, పాత రోజులు తవ్వింది. పది పన్నెండేళ్ళ కిందట ఈయన సాయంత్రాలు ఇంటికి వచ్చేవారు కాదని, ఏ తెల్లవారుజామునో వచ్చేవారని, కళ్ళు చింతనిప్పుల్లా ఉండేవని, ఒకరోజు గుమ్మంలోనే కూలబడిపోతే పక్కింటివాళ్ళు లేపి లోపల పడుకోబెట్టారని చెప్పింది. ఒక క్రిస్మస్‌కి పిల్లలు కొత్తబట్టలు వేసుకుని వాకిట్లో కూర్చుంటే నాన్న రాలేదని కూడా చెప్పింది. ఎందుకలా అని అడిగాడు నతానియేలు. ఆవిడ పెరట్లో మొక్కలకి నీళ్ళు పోస్తున్న భర్త వైపు ఒకసారి చూసి, మొహం తిప్పుకుని, డ్యూటీ, ఇంకేముంటుందిరా అంది. పాత్ర మొహం తిప్పుకుంటే అక్కడేదో ఉన్నట్టు లెక్క, వదలకండి అని క్లాసులో గొంతు చించుకునే మహానుభావుడు, సొంత వదిన మొహం తిప్పుకుంటే నోట్‌బుక్కులో పేజీ తిప్పుకున్నాడు.

ఇంటికొచ్చి ఏకబిగిన రాశాడు. ముందు తెల్లవారుజాములు, ఎర్రకళ్ళు, తడబడే అడుగు, గుమ్మంలో పడిపోవడం, క్రిస్మస్ నాడు పిల్లలు. తర్వాత బ్రాకెట్లో "ఆగాలి" అని రాశాడు. దాని కింద ఒకటే వాక్యం: చివరికి ఒకరోజు లివరు చెడింది. మధ్యలో ఉన్న పదేళ్ళూ ఎగిరిపోయాయి. పెళ్ళిలో నీళ్ళు ఎగిరిపోయాయి. డ్యూటీ అన్నమాట కథని చంపేస్తోందని అదీ కొట్టేశాడు. మిగిలినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. తాగుడు అన్న మాట ఎక్కడా లేదు. జనం ఏమనుకుంటారో అతనికి తెలియదా అంటే, తెలుసు. తెలియకపోతే స్క్రీన్‌ప్లే రానట్టే కదా. కాకపోతే ఒక్క క్షణం అలా అనుకుని, కళ్ళు తుడుచుకుని మర్చిపోతారనుకున్నాడు, సినిమా చూసి ఇంటికెళ్ళినట్టు. ఎడిటింగులో ఎగిరిపోయిన ఆ కానిస్టేబులు గతే తన పాత్రలన్నిటికీ పడుతుందన్నది అతని ధీమా.

సంపూర్ణమ్మ వారం రోజులు బట్టీపట్టింది. డ్యూటీ అనే మాట రాయలేదేంరా అని ఒకసారి అడిగింది. అయిదు నిమిషాలే ఇస్తారు వదినా అని సర్దేశాడు. రాసింది ఒక్కొక్క వాక్యం చొప్పున చూసుకుంటే అంతా జరిగిందే కాబట్టి ఆవిడ సరేనంది.

కూటాలు ఉయ్యూరు దాటాక ఒక కాలేజీ గ్రౌండులో పెట్టారు. మూడోరోజు మధ్యాహ్నం, పక్కరోడ్డు మీద చెరకు లారీలు పోతుండగా, సంపూర్ణమ్మ కొంగు నిండా కప్పుకుని మైకు ముందు నిలబడింది. గొంతు వణికింది. ఆ వణుకు నతానియేలు రాయలేదు గానీ రాసినదానికంటే బాగా పనిచేసింది. క్రిస్మస్ దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్ళ వైపు నుంచి ముక్కులు చీదడం మొదలైంది. బ్రాకెట్లో రాసినట్టే ఆవిడ ఆగింది. మూడువేల మందీ ఆగారు. చివరికి ఒకరోజు లివరు చెడింది అనగానే, అయ్యో తల్లీ అని గ్రౌండంతా ఒక్కసారి నిట్టూర్చింది.

సౌండుబాక్సు పక్కన నిలబడ్డ నతానియేలుకి కాళ్ళు నేల మీద ఆనలేదు. తన రాతకి జనం ఏడుస్తున్నారు! ఇంకాస్త నిడివి ఉంటే ఇంటర్వెల్ కూడా పడేది. కూటం అయ్యాక ఒకావిడ సంపూర్ణమ్మని కావిలించుకుని మా ఇంట్లోనూ ఇదే జబ్బమ్మా అని వెక్కివెక్కి ఏడ్చింది. ఏ జబ్బో అర్థంకాక సంపూర్ణమ్మ ఆవిడ వీపు నిమిరింది. అవతల మగవాళ్ళ వైపు ఎవరో ముసలాయన అబ్రహాము రెండు చేతులూ పట్టుకుని, ఎన్నాళ్ళైంది నాయనా మానేసి అని అడిగాడు. ఏదండీ అన్నాడు అబ్రహాము. ఆ సంగతే జ్ఞాపకం లేకుండా చేశాడు ప్రభువు, స్తోత్రం అన్నాడు ముసలాయన.

అప్పటికి అబ్రహాముకి అర్థమైంది. మూడో వరసలో కుర్చీలోనే కూర్చుండిపోయాడు. తమ్ముడు దగ్గరికొచ్చి ఎలా ఉందన్నా అని అడిగితే, మీ వదిన భయపడకుండా చెప్పింది అన్నాడు. నతానియేలు దాన్ని మెచ్చుకోలు కింద జమకట్టుకున్నాడు.

వీడియో యూట్యూబులో పెట్టారు. తాగుబోతు భర్తను మార్చిన భార్య కన్నీళ్ళు అని పైన పెద్ద అక్షరాలు. వారంలో నలభైవేల మంది చూశారు. నతానియేలు క్లాసులో నలుగురికీ చూపించి, చూశారా, ఎక్కడన్నా తాగుడు అన్నామా, అదీ పనితనం అని చెప్పుకున్నాడు. ఇంటికొచ్చి హెలెన్‌కి చూపించాడు. ఆవిడ మొత్తం చూసి, ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది.

"బావగారు తాగేవారా?"

"ఛ, అన్న తాగడమేంటి?"

"ఇందులో తాగారుగా" అంది హెలెన్.

అతను తన చేతులు శుభ్రంగా ఉన్నాయనే పాఠం మొదలుపెట్టాడు గానీ, ఎందుకో ఆ రోజు పూర్తి చేయలేకపోయాడు.

ఫిబ్రవరి మొదటి ఆదివారానికి రెండు రోజుల ముందు, సంఘ కాపరి పాల్ అయ్యగారు అబ్రహాము ఇంటికి వెళ్ళారు. మంచి మనిషి, మనసు నొప్పించకుండా మాట్లాడాలని ఎంతో అవస్థ పడ్డారట. బలహీనత జయించిన సోదరుడి చేతికి ద్రాక్షరసం అప్పగించి, మళ్ళీ ఆశపుట్టించి శోధనలో పడేయడం మంచిది కాదని సంఘంలో కొందరు అంటున్నారని, కొన్నాళ్ళు ఆ పని సంఘంలోనే ఉన్న ఎలీషా గారు చూసుకుంటారని చెప్పారట. ఉడకబెట్టిన ద్రాక్షపళ్ళ నీళ్ళకి శోధన! ఇంకో సమయంలో అయితే నతానియేలు పడీపడీ నవ్వేవాడు. వదిన ఫోనులో ఆ మాట చెబుతూ ఏడుస్తోంది. వాళ్ళందరూ ఏమనుకుంటున్నారో తనకి అప్పుడే తెలిసిందని, ఆయన శనివారమంతా ఏం చేయాలో తోచక ఇల్లంతా తిరిగారని, వడగట్టే గుడ్డ ఎలీషా గారి ఇంటికి పంపించేశారని చెప్పింది.

నతానియేలు ఆ సాయంత్రమే బస్సెక్కి వెళ్ళాడు. నేను ఎప్పుడూ తాగలేదని నువ్వే లేచి చెప్పన్నా అని బతిమాలాడు. అబ్రహాము తల అడ్డంగా ఊపాడు. నేను తాగలేదంటే మీ వదిన మూడువేల మందిలో అబద్ధమాడిందని కదరా అర్థం అన్నాడు. ఆవిడ దేవుడికిచ్చిన మాట నిలబెట్టుకుంది, అది అలాగే ఉండనీ అన్నాడు. థర్మల్‌లో ఎవరో వాళ్ళ బావమరిదిని వెంటబెట్టుకొచ్చి, మందు ఎలా మానాలో వీడికి నాలుగు మాటలు చెప్పండి సార్ అని అడిగారని వదిన గుమ్మం దాకా వచ్చి చెప్పింది. ఆయన వాళ్ళకి టీ ఇప్పించి పంపించేశారట. కథ విన్న ప్రతివాడూ అబ్రహాముని ప్రేమగానే చూస్తున్నాడు. ఆ ప్రేమకే ఆయన తలెత్తలేకపోతున్నాడు.

తప్పు తనే ఒప్పుకోవాలని నతానియేలు నిర్ణయించుకున్నాడు. ఆ నెలంతా నిజంగానే కుమిలిపోయాడు, రాత్రుళ్ళు అన్నం సహించలేదు. కానీ కుక్క తోక వంకర ఎక్కడికి పోతుంది? ఒప్పుకోలుకి కూడా స్క్రిప్టు రాసుకున్నాడు. ఆరు డ్రాఫ్టులు. ఆరోదాంట్లో మొదటి వాక్యానికే సంఘం ఉలిక్కిపడేలా కుదిరిందని అతనికి లోలోపల కాస్త ఆనందం కూడా కలిగింది. ఆ సంగతి హెలెన్‌కి చెప్పలేదు.

మార్చి మొదటి ఆదివారం, కొండపల్లి సంఘంలో అయ్యగారి అనుమతి తీసుకుని ముందుకెళ్ళి నిలబడ్డాడు. "ఈ మందిరంలో ఒక దొంగ ఉన్నాడు" అన్నాడు. ఆగాడు. ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ దొంగ తన అన్న మంచిపేరు దొంగిలించాడన్నాడు. అన్న వేలు పట్టుకుని బడికెళ్ళిన రోజు దగ్గర మొదలుపెట్టి, అన్న తన కోసం వదులుకున్న కొత్తచొక్కాల మీదుగా, తను కొట్టేసిన ఒక్క మాట దాకా తీసుకొచ్చాడు. అన్న తాగలేదు, నేనే తాగించాను, నా కలంతో తాగించాను అని గొంతు పగిలేలా అన్నాడు. ఏడ్చాడు. ఆ ఏడుపు నిజమైనదే. అది కూడా సరిగ్గా ఆరో డ్రాఫ్టులో రాసుకున్న చోటే వచ్చింది, అదీ ఖర్మ.

సంఘం సంఘమంతా కన్నీరుమున్నీరైంది. ముసలమ్మలు కొంగులు తడుపుకున్నారు. పాల్ అయ్యగారు వచ్చి నతానియేలుని గట్టిగా కౌగిలించుకుని మైకు అందుకున్నారు. అన్న తప్పుని తన నెత్తిన వేసుకునే ఇలాంటి తమ్ముళ్ళు ఈ రోజుల్లో ఉన్నారా అని అడిగారు. లేరు లేరు అన్నారు జనం. వెనకనుంచి ఎవరో హల్లెలూయ అన్నారు. చప్పట్లు మోగాయి.

నతానియేలు మళ్ళీ మైకు అందుకోబోయాడు. కాదండీ, నిజంగానే అన్నాడు. అయ్యగారు అతని భుజం తట్టి కూర్చోబెట్టారు. జీవితంలో అతని రెండో హిట్టు. వినాయకుణ్ణి చేయబోతే కోతైందంటారే, ఇక్కడ ఆ కోతికి పూలదండ కూడా పడింది. అవతల గోడవారగా అబ్రహాము తల ఇంకాస్త కిందికి దిగింది. ఇప్పుడాయన తాగుబోతు మాత్రమే కాదు, తమ్ముడి చేత అబద్ధమాడించుకున్న తాగుబోతు.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి సంపూర్ణమ్మ లేచింది. ముందుకి రాలేదు, మైకు తీసుకోలేదు. ఉన్న చోటే, ముందు కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

"అయ్యగారూ, నాకు మాట్లాడటం రాదండీ. అప్పుడు మాట్లాడింది వీడు రాసిచ్చింది. ఈయన తాగరు. కామెర్లు ఆ పెళ్ళిలో నీళ్ళ వల్ల వచ్చినయ్. రత్తయ్యగారి కోడలికి కూడా వచ్చినయ్, ఇక్కడే ఉంది ఆ పిల్ల, అడగండి. ఆ పిల్లకి తొందరగా తగ్గింది, వయసులో ఉంది కదా. ఏం చెప్తున్నానూ... కళ్ళు. కళ్ళు ఎర్రగా ఉండేవన్నాను కదండీ, అది బొగ్గు. డబల్ డ్యూటీ చేసేవారు. సాయంత్రం డ్యూటీ అయ్యాక ఇంటికి రాకుండా రాత్రి డ్యూటీ కూడా అక్కడే. క్రిస్మస్‌కి కూడా అందుకే రాలేదు. గుమ్మంలో పడ్డది నిద్రకి. ఆరేళ్ళు చేశారు, నతాని హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్ళూ. నెల నెలా వాడికి పంపాలని. వాడికి చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నారు, ఇవాళ తప్పుతున్నా. డ్యూటీ అని నేను వాడికి చెప్పానండీ. వాడే కొట్టేశాడు, టైము చాలదన్నాడు."

ఇంకేదో చెప్పబోయి, మర్చిపోయి, కూర్చుంది.

మొదలు లేదు, చివర లేదు, మధ్యలో రత్తయ్యగారి కోడలు. క్లాసులో ఎవరైనా ఇలా రాసుకొస్తే నతానియేలు ఆ కాగితం నిండా ఎర్రసిరా పూసేవాడు. ఎవరూ హల్లెలూయ అనలేదు. ఎవరూ ఏడవలేదు. రత్తయ్య కోడలు మాత్రం చిన్నగా చెయ్యెత్తి, అవునండీ, నాకూ వచ్చినయ్ అంది. పాల్ అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. నేను తొందరపడ్డాను అబ్రహాముగారూ అని మైకులోనే అన్నారు. బల్ల వేళకి ఎలీషా గారు లేచి, పళ్ళెం తీసుకెళ్ళి అబ్రహాము చేతుల్లో పెట్టి, వచ్చి తన చోట కూర్చున్నారు. ఎప్పట్లాగే అబ్రహాము వరసల మధ్య నడిచాడు. ఆ రోజు వేసుకున్న చొక్కాకి ఇస్త్రీ లేదు.

నతానియేలు ఇవేవీ సరిగ్గా చూడలేదు. డబల్ డ్యూటీ దగ్గరే ఆగిపోయాడు. అయిదో తారీఖు వచ్చేసరికి అన్న దగ్గర్నుంచి ఠంచనుగా డబ్బు పడేది. అది ఎలా వస్తోందని ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. కారణం లేకుండా ఎవరికీ జలుబు కూడా చేయకూడదన్నవాడు, కారణం లేకుండా నెల నెలా డబ్బొస్తుంటే పుచ్చుకున్నాడు. పైగా తన కోసం ఎర్రబడిన కళ్ళనే తీసుకెళ్ళి తాగుబోతు కళ్ళన్నట్టు మూడువేల మందికి చూపించాడు. సిగ్గుతో అతనికి చెవులు మండిపోయాయి. తనని ఎవరైనా లాగి ఒకటి కొడితే బాగుండుననిపించింది. ఎవరూ కొట్టలేదు, సరికదా ప్రార్థన అయ్యాక ఇద్దరు ముగ్గురు వచ్చి వందనాలు చెప్పారు.

మధ్యాహ్నం అన్న ఇంట్లోనే భోజనం. లోపల హెలెన్, సంపూర్ణమ్మ వడ్డనకి సర్దుతున్నారు. అన్నదమ్ములిద్దరూ వరండాలో అరుగు మీద కూర్చున్నారు. అవతల పట్టాల మీద బొగ్గు బండి ఒకటి పోతోంది, అది పోయేదాకా ఎలాగూ మాట వినపడదు. పోయింది. నతానియేలుకి ఇక వంక దొరకలేదు.

"ఎందుకు చెప్పలేదన్నా?"

అబ్రహాము తువ్వాలు మడతపెట్టుకుంటూ కూర్చున్నాడు. "చెప్తే వచ్చేస్తావని."

"వచ్చేస్తే ఏం?"

"నీకు ఇష్టం కదరా అది. సెక్షన్లో అందరికీ చెప్పేవాణ్ణి, మా తమ్ముడు సినిమాలకి రాస్తాడని. వచ్చేస్తే బాధపడతావని."

నతానియేలు అరుగు కింద చెప్పుల వంక చూస్తూ కూర్చున్నాడు. ఇంతకాలం ఎవరికీ చెప్పని సంగతి ఒకటి గొంతులోకి వచ్చింది. దానికి ముందు ఒక వాక్యం, తర్వాత ఒక ఆగడం ఉంటే బాగుంటుందని అలవాటుకొద్దీ తోచింది. వద్దనుకున్నాడు.

"నాలుగో ఏడే వచ్చేద్దామనుకున్నానన్నా. నాకు అక్కడేం కాదని తెలిసిపోయింది. బట్టలు కూడా సర్దుకున్నాను. నువ్వు అందరికీ చెప్పుకున్నావు కదా, వస్తే నీకు తలవంపులని ఉండిపోయాను."

అబ్రహాము తువ్వాలు మడతపెట్టడం ఆపాడు. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు పెదవులు కదిలాయి.

"అయితే ఆ చివరి రెండేళ్ళూ ఊరికే చేశానంటావ్."

అని, నవ్వడం మొదలుపెట్టాడు. నోట్లో నాలుక లేని ఆ మనిషి అరుగు పట్టుకుని, కడుపు పట్టుకుని, దగ్గొచ్చేదాకా నవ్వాడు. నతానియేలు కూడా నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు, రెండు చేతుల్లో మొహం దాచుకుని చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. అబ్రహాము నవ్వుతూనే తన కళ్ళు తువ్వాలుతో తుడుచుకున్నాడు, దాంతోనే తమ్ముడి మొహమూ తుడిచాడు. ఆ అలికిడికి సంపూర్ణమ్మ చేతిలో గరిటెతో బయటికొచ్చి, ఏమైందర్రా అని అడిగింది.